రహీం సాబ్: బడిపంతులు నుంచి భారత ఫుట్‌బాల్ గురువు దాకా

(పెన్షనర్ల దినోత్సవ సందర్భంగా మల్యాలలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ వంటి రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వలన, పెన్షన్ అనేది సర్కారు దయతో వేసే భిక్ష కాదనీ, చేసిన సేవకు మనకు దక్కే హక్కు అనీ తేలిపోయింది. ఆ సంగతి ప్రతి ఏడాది చెప్పుకుంటూనే ఉన్నాము. డి.ఆర్. బకాయిల గూర్చి, వైద్య బిల్లుల గూర్చి నాకన్నా బాగా తెలిసినవారు ఇంతకుముందే మాట్లాడారు. అందుచేత కార్యదర్శి గారు నన్ను "వేరే ఏదైనా చెప్పండి, పిల్లలు కూడా వినేటట్టు ఉండాలి" అన్నారు. నేను ఒక ప్రభుత్వ బడిపంతులు గూర్చి చెప్పదలచుకున్నాను. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు వారు ప్రేమగా రహీం సాబ్ అని పిలుచుకున్నారు. మన దేశం ఫుట్‌బాల్ ఆటలో ఆసియా ఖండానికే మొనగాడుగా నిలిచిన రోజుల్లో ఆ జట్టుకు శిక్షకుడు ఆయనే.

"గుమాస్తాగా రిటైరైన వాడికి ఫుట్‌బాల్ ఎందుకయ్యా?" అని కొందరు నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. కొంచెం ఓపిక పట్టండి. ఇది ఆట కథ ఎంతో, మన వంటి ఉద్యోగుల కథ కూడా అంతే.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి పట్టా పుచ్చుకున్నారు. అక్కడి విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి పెట్టుకున్న జట్టులో ఆడారు. తర్వాత ఉపాధ్యాయ వృత్తిలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి చోట్ల పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేసి, బడుల్లో ఆటల బాధ్యత తీసుకున్నారు. అంటే మన ఊళ్ళల్లో మనం డ్రిల్లు సారు అంటామే, ఆ కోవకు చెందినవారే. 1940ల తొలి సంవత్సరాల్లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1943 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టి, కన్నుమూసే దాకా ఆ పని విడిచిపెట్టలేదు.

సిటీ పోలీసు జట్టు ఎంత గట్టిదో ఈ కాలపు పిల్లలకు తెలియకపోవచ్చు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు గెలిచింది. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత మొట్టమొదట 1950లో జరిగిన డ్యురాండ్ కప్పులో కలకత్తా వారి మోహన్ బగాన్‌ను ఓడించి కప్పు తెచ్చింది. అప్పటిదాకా ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనే మాటే ఉండేది. ఆ మాటను మార్చినవాళ్ళు మన పోలీసు జవాన్లు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాదు జట్టు 1956-57లోను, 1957-58లోను వరుసగా రెండేళ్ళు గెలిచింది.

ఇందులో ఒక కిటుకు ఉన్నది. ఆ ఆటగాళ్ళలో చాలామంది బీదవాళ్ళు. బాగా ఆడే కుర్రవాడికి పోలీసు శాఖలో నౌకరీ ఇస్తే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. పొద్దున పరేడు, సాయంత్రం ఆట. నెలకు జీతం, ముసలితనంలో పెన్షను. ఆ భరోసా ఉన్నది కనుక తల్లిదండ్రులు పిల్లలను మైదానానికి పంపారు. చిన్న సర్కారీ నౌకరీ ఒక కుటుంబాన్ని ఎట్లా నిలబెడుతుందో ఈ సభలో కూర్చున్న వారికి నేను చెప్పనక్కరలేదు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. 1950 నాటికి అదే హైదరాబాదుకు చెందిన ఈ పంతులు చేతిలో దేశపు జట్టును పెట్టారు. ఆ కాలపు పరిస్థితులు తెలిసినవారికి అది ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్లో ఇరాన్ మీద మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోలుతో మనకు బంగారు పతకం వచ్చింది.

మరుసటి ఏడాదే పెద్ద దెబ్బ తగిలింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనలను 10-1 తేడాతో చిత్తు చేసింది. మనవాళ్ళలో ఎక్కువమంది బూట్లు లేకుండా ఒట్టి కాళ్ళతో ఆడారు. అక్కడి చలి వేరు, తడి నేల వేరు. పైగా మన దేశంలో అప్పుడు ఆట 70 నిమిషాలే ఉండేది, అక్కడ 90 నిమిషాలు. చివరి 20 నిమిషాలకు మన పిల్లల కాళ్ళల్లో సత్తువ ఎక్కడిది? ఆ ఓటమి తర్వాతనే బూట్లు తప్పనిసరి చేశారు. పరాజయం వచ్చినప్పుడు ఎవరి మీదనో నెపం వేసి ఊరుకునేవాళ్ళు ఉంటారు. రహీం సాబ్ మాత్రం ఒక్కొక్క లోటు వెతికి సరిచేసుకుంటూ పోయారు. యూరపులో కొత్త పద్ధతులు ఏమి వస్తున్నాయో శ్రద్ధగా గమనించారు. 1953లో హంగరీ జట్టు ఇంగ్లండును వాళ్ళ సొంత మైదానంలో 6-3తో ఓడించి లోకాన్ని ఆశ్చర్యపరచింది. ముందు వరుసలో ఉండవలసిన ఆటగాణ్ణి కొంచెం వెనుకకు జరిపి, ఎదుటి వారికి అంతుపట్టకుండా ఆడించడం వాళ్ళ ఎత్తు. ఆ ఎత్తును రహీం సాబ్ మన జట్టుకు నేర్పారు. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నిలబడే పద్ధతిని 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచి ప్రసిద్ధం చేసింది. మన దేశంలో రహీం సాబ్ దానిని అంతకుముందే ఆడించారని ఆట తెలిసినవారు చెబుతారు.

ఫలితం 1956లో కనపడింది. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. నెవిల్ డిసౌజా ఒక్కడే 3 గోళ్ళు కొట్టాడు. ఆసియా నుంచి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన మొదటి జట్టు మనదే. చివరకు నాలుగో స్థానంతో తిరిగివచ్చింది. ఆ జట్టులో హైదరాబాదు, సికింద్రాబాదు పిల్లలు ఎందరో ఉన్నారు. పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం. ఈ పేర్లు మన పిల్లలకు ఏ పాఠంలోను కనపడవు, అందుకే చదివి వినిపిస్తున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. కప్పులు గెలిచిన శిక్షకులు చాలామంది ఉంటారు. చిన్న పిల్లలను తయారు చేయడంలో రహీం సాబ్ చూపిన శ్రద్ధ నాకు అన్నిటికంటె గొప్పగా తోస్తుంది. ఆయన పెట్టిన పోటీలు చిత్రంగా ఉండేవి. ఒక పోటీలో బంతిని కాళ్ళ దగ్గర పెట్టుకుని తిప్పుకుంటూ పోరాదు. అందగానే పక్కవాడికి ఇచ్చేయవలె. మన దఫ్తర్ భాషలో చెప్పాలంటే ఫైలు టేబిల్ మీద నిద్రపోకూడదు, వచ్చింది వచ్చినట్టు నోటు పెట్టి పై సీటుకు పంపవలె! ఇంకొక పోటీలో అలవాటులేని కాలుతోనే బంతి తన్నవలె. కుడికాలు వాటం ఉన్నవాడు ఎడమకాలు వాడక తప్పదు. పొట్టిగా ఉండే పిల్లలు పెద్దవాళ్ళ తోపులాటలో నలిగిపోకుండా, ఎత్తు తక్కువ వాళ్ళకు వేరుగా పోటీలు పెట్టారు. వీటిలో దేనికీ డబ్బు ఖర్చు లేదు. ఒక బంతి, ఒక మైదానం, పిల్లవాడి లోటు ఏమిటో కనిపెట్టే గురువు కన్ను ఉంటే చాలు.

తులసీదాస్ బలరాం సంగతి చెప్పక తప్పదు. 1936లో పుట్టిన ఈ కుర్రవాడు సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో బీద కుటుంబంలో పెరిగాడు. మొదటి బూట్లు కొనే స్తోమత లేక, పాత పోలీసు బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాడి చేత జత చేయించుకున్నాడట. దానికి కావలసిన 2 రూపాయలు తల్లిని బతిమాలి తెచ్చుకున్నాడట. అతని ఆట రహీం సాబ్ కంట పడింది. హైదరాబాదుకు శిక్షణకు రమ్మన్నారు. "అంత దూరం రోజూ రావడానికి నా దగ్గర పైసలు లేవు సార్" అనే అర్థం వచ్చేటట్టు కుర్రవాడు చెప్పుకున్నాడు. అప్పుడు రహీం సాబ్ సైకిల్ కిరాయి కింద రోజుకు ఒక రూపాయి ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆ రోజుల్లో రూపాయి అంటే చిన్న మాట కాదు. పంతులు జీతం ఎంతో మనకు తెలియనిదా? ఆ రూపాయి మీద కిరాయి సైకిల్ తొక్కుకుంటూ వచ్చిన కుర్రవాడు మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్ ఆడాడు, జకార్తాలో బంగారు పతకం తెచ్చాడు, అర్జున అవార్డు అందుకున్నాడు. 2023 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు. ఎందరి చేతుల్లోనో ఎన్నో రూపాయలు ఖర్చవుతాయి. ఇంత ఫలం ఇచ్చిన రూపాయి నాకు తెలిసి మరొకటి లేదు.

ఇప్పుడు 1962. జకార్తా ఆసియా క్రీడలు. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఈ కథ మరునాడు బడిలో మా డ్రిల్లు సారు చెప్పగా విన్నాను, తర్వాత పెద్దయి పుస్తకాల్లో చదువుకున్నాను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాము. తర్వాత థాయిలాండును 4-1తో, జపానును 2-0తో ఓడించారు. థాయిలాండు ఆటలో వెనుక వరుసలో కోటగోడలా నిలబడే జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఆ దెబ్బతో వెనుక వరుసలో ఆడించడం కష్టం. వేరొకరైతే ఇంటికి పంపేవారు. రహీం సాబ్ అతణ్ణి ముందు వరుసకు మార్చారు. ఈ సీటుకు పనికిరాడని పక్కన పెట్టకుండా, ఏ సీటులో పనికివస్తాడో చూసి వేసుకోవడం మంచి అధికారి లక్షణం. అటువంటి అధికారులు దొరికిన వాళ్ళు మనలో అదృష్టవంతులు. జర్నైల్ సింగ్ సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద గోలు కొట్టాడు, మనం 3-2తో గెలిచాము.

సెప్టెంబరు 4న ఫైనల్. మళ్ళీ దక్షిణ కొరియానే. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను ఆ క్రీడలకు రానివ్వని విషయంలో మన ప్రతినిధి సోంధీ గారు అభ్యంతరం చెప్పినందున, అక్కడి జనం మనమీద మండిపడుతున్నారు. లక్ష మంది ప్రేక్షకుల్లో మనకు చప్పట్లు కొట్టేవాళ్ళు చేతి వేళ్ళ మీద లెక్కపెట్టదగినంతమందే. వాళ్ళలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు ఉన్నారని మన ఆటగాళ్ళు తర్వాత కృతజ్ఞతతో చెప్పుకున్నారు. ఫ్లూ జ్వరం నుంచి లేచిన తంగరాజ్‌ను గోలులో నిలబెట్టారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు కొట్టాడు. 20వ నిమిషంలో తలకు కట్టు కట్టుకున్న జర్నైల్ సింగ్ రెండోది కొట్టాడు. కొరియా చివర్లో ఒకటి కొట్టినా 2-1తో బంగారం మనదైంది. చునీ గోస్వామి నాయకుడు. మన హైదరాబాదు వైపు నుంచి తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ ఆ రోజు మైదానంలో ఉన్నారు.

ఆ తర్వాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల కాన్సరుతో రహీం సాబ్ వెళ్ళిపోయారు. వయస్సు 53 సంవత్సరాలు. మనం 58 ఏళ్ళకు దండలు వేయించుకుని ఇంటికి వచ్చిన వాళ్ళము. ఆయన పెన్షను పుస్తకం చూడకుండానే పోయారు. ఆయనతో పాటే మన ఫుట్‌బాల్ కూడా సమాధిలోకి వెళ్ళిందని ఆయన శిష్యులు బాధపడేవారు. మాట కటువుగా ఉన్నా లెక్క చూస్తే కాదనలేము. 1970 ఆసియా క్రీడల్లో హైదరాబాదు వాడే అయిన నయీముద్దీన్ నాయకత్వంలో కాంస్యం వచ్చింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో బంగారం మాత్రం 1962 తర్వాత ఈనాటిదాకా రాలేదు.

ఎందుకిట్లా అయింది? దీనికి ఫ్రాన్సు దేశం ఉదాహరణ చెబుతాను. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఒట్టికాళ్ళ జట్టు ఫ్రాన్సుతో ఆడి, రెండు పెనాల్టీలు చేజార్చుకుని, చివరి నిమిషాల్లో 1-2తో ఓడింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో రహీం సాబ్ జట్టు అదే ఫ్రాన్సుతో 1-1గా సమం చేసింది. అదికూడా మనమే ముందు గోలు కొట్టి, వాళ్ళు చివరి పది నిమిషాల్లో సమం చేసుకున్నది. ఒలింపిక్స్‌కు వచ్చేది వాళ్ళ అమెచ్యూర్ జట్టే అనుకోండి. అయినా అంతరం ఆకాశానికి భూమికి ఉన్నంత లేదు. ఫ్రాన్సు అసలు జట్టు కూడా 1970, 1974 ప్రపంచ కప్పులకు అర్హత పొందలేకపోయింది. అప్పుడు వాళ్ళేమి చేశారు? జార్జ్ బూలోన్ అనే శిక్షకుడు పట్టుబట్టగా 1972లో విషీ పట్టణంలో బాలుర కోసం జాతీయ శిక్షణ సంస్థ పెట్టారు. పెద్ద క్లబ్బులన్నీ పిల్లల శిక్షణ కేంద్రాలు నడపాలని నియమం చేశారు. తర్వాత ఆ సంస్థ క్లేర్‌ఫోంటేన్‌కు మారింది. అక్కడ తయారైన థియరీ ఆన్రీ 1998లో, ఎంబాపే 2018లో ప్రపంచ కప్పు గెలిచిన జట్లలో ఉన్నారు. అంతేకాదు, శిక్షణ ఇవ్వడమే ఒక విద్యగా నేర్చుకున్న ఫ్రెంచి గురువులు దేశాలు పట్టుకు తిరిగి ఆట నేర్పారు. బ్రూనో మెత్సు శిక్షణలో సెనెగల్ 2002 ప్రపంచ కప్పులో ఫ్రాన్సునే 1-0తో ఓడించింది. ట్రూసియే శిక్షణలో జపాను 2000లో ఆసియా కప్పు గెలిచింది. 1962లో మన చేతిలో ఓడిన జపాను అది!

వాళ్ళకు ఒక బూలోన్ పోతే సంస్థ మిగిలింది. మనకు ఒక రహీం సాబ్ పోతే ఖాళీ కుర్చీ మిగిలింది. ఆయనకు తెలిసిన విద్య అంతా ఆయన తలలోనే ఉన్నది. దానిని పట్టుకుని పదిమంది పంతుళ్ళకు నేర్పించి, ప్రతి జిల్లాలో ఒక బడికి పంపే ఏర్పాటు ఎవరూ చేయలేదు. మంచి ఆటగాళ్ళకు కలకత్తా క్లబ్బులు పిలుపునిచ్చాయి, బలరాం కూడా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. వెళ్ళినవాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళ వెనుక ఇంకొక వరుసను తయారు చేసేవాళ్ళు కరువయ్యారు. మన దఫ్తర్లలో కూడా చూశాము కదా. పాత సర్వీసు రిజిస్టర్లు, భూమి లెక్కలు అన్నీ కంఠస్థంగా తెలిసిన ఒక్క గుమాస్తా రిటైరైతే, వారం రోజులకు ఆ సెక్షనే తికమక పడుతుంది. కొత్తవాడికి చెప్పి వెళ్ళినవాడే ఆఫీసుకు నిజమైన మేలు చేసినవాడు.

2024లో రహీం సాబ్ జీవితం మీద "మైదాన్" అనే హిందీ సినిమా వచ్చింది, అజయ్ దేవగన్ ఆయన పాత్ర వేశారు. పోయిన 60 ఏళ్ళకు ఆయన పేరు మనవళ్ళ నోట వినపడుతున్నది, సంతోషమే. 2021-22లో హైదరాబాదు పేరు పెట్టుకున్న క్లబ్బు ఇండియన్ సూపర్ లీగు కూడా గెలిచింది. క్లబ్బులు వస్తాయి, పోతాయి. ఊరి పిల్లలు మాత్రం ఊళ్ళోనే ఉంటారు. మన పక్కనున్న నిజామాబాదు జిల్లాలో ఒక తండాలో పుట్టిన సౌమ్య గుగులోత్ భారత మహిళల జట్టుకు ఆడుతున్నది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు వెళ్ళి వచ్చింది. 2024-25 సంవత్సరానికి దేశంలో ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఎంపిక చేసింది. తండా నుంచి ఆ అమ్మాయి రాగలిగితే, మల్యాల నుంచి, కొండగట్టు కింది పల్లెల నుంచి ఎందుకు రాకూడదు?

మిత్రులారా, ఇక్కడే నా విన్నపం. మన చుట్టుపక్కల ఎన్నో ఊళ్ళలో బడి మైదానం ఏటేటా చిన్నదవుతున్నది. ఒక మూల గది కడతారు, ఇంకొక మూల ట్యాంకు కడతారు, మిగిలిన చోట ఇసుక కుప్పలు పోస్తారు. నేను చిన్నప్పుడు ఆడుకున్న ఒక మైదానంలో ఇప్పుడు పిల్లలు పరుగెత్తితే గోడ తగులుతుంది. అర్జీలు రాయడంలో మనను మించినవాళ్ళు ఎవరు? మన పెన్షను కోసం ఎన్ని రాశాము! ఊరి మైదానం కొలతలు రికార్డులో ఎంతున్నాయో చూసి, ఉన్నదానికి హద్దులు వేయించమని సంఘం తరఫున ఒక అర్జీ రాద్దాము. నకలు పెట్టుకుని, నెల నెల తిరిగి అడుగుదాము. ఆ విద్య మనకు ముప్పై ఏళ్ళ నౌకరీలో పట్టుబడినదే.

రెండవది, మనలో రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయులు ఉన్నారు, పోలీసు శాఖ వారు ఉన్నారు. వేసవి సెలవుల్లో పొద్దున గంటసేపు పిల్లలను మైదానానికి పిలవండి. మోకాళ్ళ నొప్పులున్నా ఫరవాలేదు, కుర్చీ వేసుకుని కూర్చుని ఈల ఊదండి. రహీం సాబ్ పెట్టిన ఎడమకాలు పోటీ, బంతి పట్టుకోరాని పోటీ పెట్టండి. ఆడపిల్లలను కూడా పిలవండి.

మూడవది, సైకిల్ కిరాయి. ఈ రోజుల్లో అది ఆటో కిరాయి, ఒక జత బూట్లు, రెండు గుడ్లు, గ్లాసెడు పాలు. పెన్షను పెరిగిన నెలలో ఒక్కొక్కరు వంద రూపాయలు తీసి ఇస్తే, దూరం నుంచి వచ్చే నలుగురు పిల్లలకు సరిపోతుంది. లెక్క రాసే బాధ్యత నాకు ఇవ్వండి. ప్రతి పైసాకు రసీదు, ప్రతి మూడు నెలలకు ఆడిట్ ఉంటుందని హామీ ఇస్తున్నాను.

ఈ పిల్లల్లో ఎవరూ దేశానికి ఆడకపోవచ్చు. అయినా పొద్దునే లేచి పరుగెత్తిన పిల్లవాడికి ఆరోగ్యం మిగులుతుంది, వాడికి ఈల ఊదిన తాతకు ఆయుష్షు మిగులుతుంది. నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ కంటె అది గట్టి సర్టిఫికెట్.

ఈ మూడు విషయాలు రాబోయే కార్యవర్గ సమావేశంలో తీర్మానంగా పెట్టవలసిందిగా కార్యదర్శి గారిని కోరుతున్నాను. 

జై హింద్. జై తెలంగాణ.